ఫైరింజన్ మీ గేటు దాకా వచ్చాక

(బెంగళూరు వర్తూరు రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంటులో తెలుగు కుటుంబాలు జరుపుకున్న అగ్నిమాపక వారోత్సవంలో, రిటైరైన ఒక ఫైరింజన్ డ్రైవరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. పెద్దలకి, అమ్మలకి, ముందు వరుసలో నేల మీద కూర్చున్న పిల్లలకి.

మాది కోలారు జిల్లా, ముళబాగిలు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. ఇరవై ఆరేళ్ళు ఫైరింజన్ నడిపాను. నడపడం అంటే స్టీరింగు తిప్పడం ఒక్కటే అనుకోకండి. అక్కడికి చేరాక పంపు దగ్గర నిలబడి నీళ్ళు అందించేదీ డ్రైవరే. మిగతావాళ్ళు మంట చూస్తారు, మేము మీటర్లు చూస్తాం.

ఇందాక లిఫ్టు దగ్గర ఒక పెద్దావిడ నన్ను ఆపి అడిగారు. "ఏం నాయనా, అంతా కాలిపోయాకే మీ బండి వస్తుందట కదా?" ఆవిడ కోపంగా అనలేదు, తెలుసుకుందామని అడిగారు. ఆ మాట నా ఉద్యోగంలో లెక్కలేనన్ని సార్లు విన్నాను. విన్న ప్రతిసారీ మనసు కష్టపడింది, ఎందుకంటే కొన్నిసార్లు అది నిజం. అందుకని ఈరోజు రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉంచుకుని ఆవిడకే జవాబు చెబుతాను. మిగతావాళ్ళు కూడా వినండి.

ముందు ఒక్క మాట. ఏప్రిల్ 14న ఈ వారం ఎందుకు మొదలవుతుందో పిల్లలకు తెలియాలి. 1944లో అదే రోజు ముంబై విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అంటుకుంది. అందులో దూది బేళ్ళు, పేలుడు సామాను రెండూ ఉన్నాయి. ఆర్పడానికి దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఆ పేలుళ్ళలో పోయారు. 66 మంది ఫైర్ సిబ్బంది. ప్రతి ఏడాదీ ఈ రోజు స్టేషన్‌లో వాళ్ళకు నిలబడి నమస్కారం పెట్టాకే మా డ్యూటీ మొదలయ్యేది.

సరే, బండి సంగతి. నేను ఎక్కువ కాలం నడిపిన వాటర్ టెండర్‌లో, అంటే నీళ్ళు మోసే ఫైరింజన్‌లో, 4,500 లీటర్ల నీళ్ళు పడతాయి. మీ బాత్రూంలో 20 లీటర్ల బకెట్ ఉంటుంది కదా, అలాంటివి 225. లీటరు నీళ్ళంటే కిలో బరువు. అంటే నీళ్ళే నాలుగున్నర టన్నులు. దాని మీద పంపు, నిచ్చెన, హోసులు, మనుషులు. లారీలోనూ అంత బరువు వేస్తారు, కానీ లారీలో బస్తాలు కదలవు. నీళ్ళు కదులుతాయి. బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, నీళ్ళు ఆగవు, ముందుకొచ్చి గుద్దుతాయి. మలుపు తిప్పితే అన్నీ ఒక పక్కకి ఒరుగుతాయి.

మా ఊళ్ళో అమ్మలక్కలు చెరువు నుంచి బిందె నెత్తిన పెట్టుకుని వచ్చేటప్పుడు నీళ్ళ మీద రెండు వేపరెబ్బలు వేసేవాళ్ళు. మీలో కొందరు చూసే ఉంటారు. ఆకులు అడ్డం ఉంటే నీళ్ళు ఊగవు, ఒలకవు. మా టాంకు లోపల కూడా అదే పని చేసే అడ్డురేకులు ఉంటాయి, బాఫిల్ ప్లేట్లు అంటాం. అయినా టాంకు నిండా ఉన్నప్పటి కంటే సగం ఉన్నప్పుడే ప్రమాదం ఎక్కువ. నిండుగా ఉంటే నీళ్ళకి ఊగే చోటు ఉండదు. సగం ఉంటే బండిలో ఇంకో బండి పరిగెడుతున్నట్టు ఉంటుంది. అందుకే మంట ఆర్పి తిరిగొచ్చేటప్పుడు నేను సగం టాంకుతో ఫ్లైఓవర్ ఎక్కేవాణ్ణి కాదు. నింపుకోవడమో, ఖాళీ చేసుకోవడమో. కొత్త కుర్రాళ్ళకి నేను మొదట నేర్పిన పాఠం అదే.

రోడ్డు మీద మేము సైరన్ వేసుకుంటూ కూడా నిదానంగా పోతున్నట్టు మీకు అనిపించేది అందుకే. మా వేగం అంతా ముందు వేసే లెక్కలో ఉంటుంది. ఏ వీధిలో హంపు ఉంది, ఏ వీధి వన్‌వే, ఎక్కడ మెట్రో పని జరుగుతోంది, సాయంత్రం సిల్క్ బోర్డు జంక్షన్ ఎలా ఉంటుంది. ఇవన్నీ కాల్ రాకముందే తలలో ఉండాలి. హంపు మీద గట్టిగా దూకించామంటే నాలుగున్నర టన్నులు పైకి లేచి చాసిస్ మీద పడతాయి.

ఇంకోటి, ఎవరికీ కనిపించనిది, గాలి. పెద్ద బండ్ల బ్రేకులు గాలితో పనిచేస్తాయి. వాటి గాలి ట్యాంకు నిండితేనే బ్రేకు విడుస్తుంది. పాత బండిలో ఎక్కడో సన్నగా గాలి కారుతూ ఉంటే, రాత్రంతా నిలబెట్టాక తెల్లారి కాల్ వచ్చినప్పుడు స్టార్ట్ చేసి గాలి నిండేదాకా కదలకుండా ఉండాలి. సైరన్ మోగుతూ ఉంటుంది, వెనక మనుషులు ఎక్కి కూర్చుని ఉంటారు, గాలి మీటరు ముల్లు మాత్రం నిదానంగా లేస్తూ ఉంటుంది. ఆ టెన్షన్ ఎలాంటిదో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. అందుకే డ్యూటీ మారగానే ఇంజన్ ఆన్ చేసి, గాలి చూసి, లైట్లు చూసి, పంపు కాసేపు తిప్పి చూసేవాళ్ళం. పక్కింటివాళ్ళు పొద్దున్నే ఈ గోల ఏంటని విసుక్కునేవారు. ఆ గోల లేకపోతే మీ ఇంటికి బండి రాదమ్మా.

ట్రాఫిక్ గురించి ఎక్కువ చెప్పను, మీకు నాకంటే బాగా తెలుసు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 194ఈ అనే సెక్షన్ చేర్చారు. ఫైరింజన్‌కి, అంబులెన్సుకి దారి ఇవ్వకపోతే పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కానీ నా అనుభవంలో కావాలని దారి ఇవ్వనివాళ్ళు తక్కువ. సైరన్ వినగానే కంగారుపడి ఉన్నచోటే బ్రేకు వేసేవాళ్ళు ఎక్కువ. మీరు ఆగితే మేమూ ఆగాలి. కదులుతూనే ఎడమకి జరగండి, చాలు. ఆటోవాళ్ళు ఈ విషయంలో బంగారం. ముందు వాళ్ళు జరిగి, పక్కవాళ్ళని కూడా అరిచి జరిపిస్తారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక రాత్రి జరిగింది చెబుతాను. ఏ అపార్ట్‌మెంటో, ఏ వైపో అడగకండి. నాలుగో అంతస్తులో వంటింట్లో మొదలై హాల్లోకి వచ్చింది మంట. స్టేషన్ నుంచి అక్కడికి తొమ్మిది నిమిషాల్లో చేరాం. ఆ టైంలో, ఆ రోడ్డులో అది మంచి టైమే.

గేటు మీద అందమైన ఆర్చి. దేవుడి బొమ్మ, రెండు పక్కలా ఏనుగులు. దాని కింద కార్లు పోతాయి, నీళ్ళ ట్యాంకరు కూడా పోతుందట. మా బండి మీద నిచ్చెన ఉంటుంది కదా, నిచ్చెన తగిలింది. వెనక వైపు ఇంకో పెద్ద గేటు ఉంది. దానికి తాళం. తాళం చెవి సెక్రటరీగారి దగ్గర, సెక్రటరీగారు కుటుంబంతో తిరుమలకి వెళ్ళారు. వాచ్‌మన్ పాపం చేతులు వణుకుతూ ఆయనకి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.

ఇక ఆగలేం. బండి రోడ్డు మీదే పెట్టి హోసు లాగడం మొదలుపెట్టాం. డెలివరీ హోసు ఒక్కొక్కటి 15 మీటర్లు. గేటు నుంచి బ్లాకు దాకా ఎనిమిది హోసులు పట్టాయి. ఖాళీ హోసు చుట్ట భుజాన వేసుకుని పరిగెత్తొచ్చు. నీళ్ళు నిండాక ఆ ఒక్క 15 మీటర్ల ముక్కలో సుమారు 47 లీటర్ల నీళ్ళు ఉంటాయి, ఇక దాన్ని జరపడానికి మనుషులు చాలరు. కాబట్టి పరిచేటప్పుడే సరిగ్గా పరచాలి. అక్కడేమో దారి పొడుగునా కార్లు. ఒక కారు టైరు పక్కన హోసు మడతపడింది. నేను పంపు దగ్గర ప్రెషర్ పెంచుతున్నాను, అవతల బ్రాంచి, అంటే హోసు కొసన నీళ్ళు చిమ్మే గొట్టం, పట్టుకున్నవాడు నీళ్ళు రావట్లేదని అరుస్తున్నాడు. మడత ఎక్కడుందో చీకట్లో టార్చి వేసుకుని వెతికాం.

ఈ లోపల మావాడు ఒకడు బిల్డింగ్ బయట ఉన్న ఇన్‌లెట్ దగ్గరికి పరిగెత్తాడు. నాలుగు నోళ్ళతో ఎర్రగా గోడ దగ్గర ఉంటుంది, మీ దగ్గర కూడా ఉంది, ఇందాక చూశాను. దానికి మా హోసు తగిలిస్తే బిల్డింగ్ లోపలి పైపుల్లోంచి నీళ్ళు పై అంతస్తులకి ఎక్కుతాయి. ఆ రాత్రి దాని మూత రాలేదు. ఎందుకంటే బిల్డింగ్‌కి రంగులు వేసిన ప్రతిసారీ మూత మీద కూడా ఎర్ర రంగు వేశారు. పూత మీద పూత పడి మూతా నోరూ ఒకటైపోయాయి. సుత్తితో కొట్టాడు. గోళ్ళలోకి ఎర్ర పెంకులు దిగాయి, మూత కదల్లేదు. చివరికి ఎదురు బాల్కనీ నుంచి తాడు వేసి హోసు పైకి లాగాం.

బండి ఆగినప్పటి నుంచి మంట మీద నీళ్ళు పడేదాకా పధ్నాలుగు నిమిషాలు. ఊరు దాటి రావడానికి తొమ్మిది, గేటు నుంచి బ్లాకుకి పధ్నాలుగు. మనుషులకి ఏమీ కాలేదు, ఆ భగవంతుడి దయ. ఇల్లు మాత్రం దక్కలేదు. ఆ ఇంటాయన మెట్ల మీద కూర్చుని, ఇంత లేటుగా వచ్చారేంటి సార్ అన్నాడు. నేను ఆయనకి ఏమీ చెప్పలేకపోయాను. అమ్మా, మీరు అడిగిన ప్రశ్నకి నా జవాబు ఆ పధ్నాలుగు నిమిషాలు.

దీనికి రూల్స్ లేక కాదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ చదివి చూడండి. ఎత్తైన బిల్డింగ్ చుట్టూ 6 మీటర్ల ఖాళీ దారి, అది 45 టన్నుల ఫైరింజన్ బరువు మోసేంత గట్టిగా ఉండాలి. గేటు మీద ఆర్చి కడితే కింద కనీసం 4.5 మీటర్ల ఎత్తు ఉండాలి. గేటు తలుపులు పూర్తిగా వెనక్కి తెరుచుకుని గోడకి ఆనాలి. బిల్డర్ కట్టినప్పుడు ఆ దారి ఉంటుంది. తర్వాత దాని మీద విజిటర్ పార్కింగ్ గీతలు గీస్తారు, పూలకుండీలు వస్తాయి, సెక్యూరిటీ కేబిన్ వస్తుంది, పండక్కి పందిరి వస్తుంది.

45 టన్నుల మాట ఇంకొంచెం వివరంగా చెప్పాలి. కింద మీ బ్లాకు చుట్టూ ఉన్న నేల నిజానికి నేల కాదు, దాని కింద బేస్‌మెంటు పార్కింగ్ ఉంది, అది స్లాబు. ఇలాంటి చోట డ్రైవరుకి పెద్ద అనుమానం వస్తుంది, ఎక్కనా వద్దా అని. ఎంత బరువు మోస్తుందో చెప్పేవాళ్ళు రాత్రి రెండింటికి అక్కడ ఉండరు. ఫైరింజన్ దారి ఎక్కడి నుంచి ఎక్కడికో నేల మీద పెయింటుతో రాసి, ఎన్ని టన్నులు మోస్తుందో బోర్డు పెట్టించండి. మీ ఇంజనీరు దగ్గర ఆ లెక్క కాగితాల మీద ఉంటుంది.

(సభలోంచి ఒకరు: 4,500 లీటర్లు ఎంతసేపు వస్తాయి సార్?)

మంచి ప్రశ్న అన్నా. పంపు పూర్తిగా తెరిస్తే నిమిషానికి 2,250 లీటర్లు తోస్తుంది. అంటే రెండు నిమిషాలు. అలా ఎవరూ చేయరు. లావు బ్రాంచి ఒక్కటి పెట్టినా నిమిషానికి ఆరొందల లీటర్ల దాకా పోతాయి, రెండు పెడితే నాలుగు నిమిషాల్లోపు టాంకు ఖాళీ. మేము తెచ్చేది మొదటి నాలుగు నిమిషాల నీళ్ళే. ఆ తర్వాతి నీళ్ళు ఇక్కడే దొరకాలి. మీ సంపులో ఫైర్ కోసం విడిగా ఉంచిన నీళ్ళు ఉండాలి. ఎండాకాలంలో ట్యాంకరు రాలేదని ఆ నీళ్ళు ఇళ్ళకి వదిలేస్తున్నారని నాకు తెలుసు. మార్చి, ఏప్రిల్‌లో బెంగళూరులో నీళ్ళ కష్టం ఎవరికి తెలియదు? కానీ మంటలు ఎక్కువగా వచ్చేదీ ఆ నెలల్లోనే.

సంపులోంచి మా పంపుతో నీళ్ళు లాగడంలో బెంగళూరుకి ఒక ప్రత్యేకత ఉంది. పిల్లలు సైన్సులో చదువుకుని ఉంటారు. పంపు నీళ్ళని లాగదు. పైపులోని గాలి తీసేస్తుంది, బయటి గాలి ఒత్తిడి నీళ్ళని పైకి నెడుతుంది. సముద్రం పక్కనున్న చెన్నైలో ఆ ఒత్తిడి లెక్క ప్రకారం నీళ్ళని 10 మీటర్ల పైచిలుకు లేపగలదు. మనం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నాం, గాలి పలచన. ఇక్కడ లెక్క 9 మీటర్ల చిల్లరకి దిగిపోతుంది. ఆచరణలో ఎక్కడైనా రెండు మూడు మీటర్లు ఇంకా తగ్గించుకోవాలి. కాబట్టి సంపు మరీ లోతుగా ఉండి, నీళ్ళు అడుక్కి పోయి ఉంటే, నీళ్ళు కళ్ళకి కనిపిస్తూనే ఉంటాయి, పైకి రావు.

దానికి తోడు నీళ్ళలోకి దించే సక్షన్ హోసు అతుకులో రబ్బరు వాషర్ ఒకటి ఎండి పగిలినా గాలి దూరుతుంది, ప్రైమింగ్ అందదు, అంటే పంపులోకి నీళ్ళు ఎక్కవు. నేను ప్రతి సోమవారం ఆ వాషర్లు తీసి బొటనవేలితో చుట్టూ తడిమేవాణ్ణి. ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా వేలికి తెలుస్తుంది. గుడ్డతో తుడిచి, పగుళ్ళు చూసి మళ్ళీ పెట్టేవాణ్ణి. చెరువులోంచి లాగితే ఇంకో కష్టం, గుర్రపుడెక్క వచ్చి హోసు కొసనున్న జాలీకి చుట్టుకుంటుంది. 2018 జనవరిలో మన పక్కనున్న బెళ్ళందూరు చెరువులో గడ్డి అంటుకున్నప్పుడు గుర్తుందా? చెరువు మధ్యలో మంట, చుట్టూ బురద, బండి దిగే దారి లేదు. ఆర్మీ జవాన్లు కూడా దిగాల్సి వచ్చింది.

ఇక నిచ్చెన. అందరూ అడిగేది అదే, పెద్ద నిచ్చెన ఉంది కదా అని. ఉంది. కర్ణాటక ఫైర్ సర్వీసు దగ్గర 90 మీటర్ల ఎత్తుకి వెళ్ళేది ఉంది. గర్వపడాల్సిన బండి. కానీ అది నిలబడాలంటే నాలుగు పక్కలా కాళ్ళు చాపుకోవాలి, వాటి కింద నేల గట్టిగా, చదునుగా ఉండాలి, పైన కరెంటు తీగలు, ఫైబర్ కేబుళ్ళు, చెట్టు కొమ్మలు ఉండకూడదు. మన వీధుల్లో స్తంభాల మధ్య కేబుళ్ళు ఊయలల్లా వేలాడుతుంటాయి. చిక్కపేట, మామూలుపేట సందుల్లోకైతే పెద్ద నిచ్చెన మాట అటుంచి మామూలు వాటర్ టెండరే పట్టదు. అక్కడికి చిన్న జీపులు, మోటార్ సైకిల్ మీద నీళ్ళని తుంపరగా చల్లే మిస్టు పంపులు పంపుతారు. వాటిలో నీళ్ళు కొద్దిగానే ఉంటాయి, కానీ మొదటి నిమిషంలో కొద్ది నీళ్ళే ఎక్కువ పని చేస్తాయి.

నిచ్చెన మీద ఆశ పెట్టుకుని పై అంతస్తులో కూర్చోకండి. 2010 ఫిబ్రవరి 23న ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో కార్ల్‌టన్ టవర్స్‌లో తొమ్మిది మంది పోయారు. కరెంటు కేబుళ్ళు పై అంతస్తులకి పోయే డక్ట్‌లో మొదలైన పొగ అంతస్తులన్నిటికీ పాకింది. బయటపడే దారుల తలుపులు మూసి ఉన్నాయి. ఊపిరాడక కిటికీల్లోంచి దూకేశారు. అది తొంభై మీటర్ల బిల్డింగ్ కాదు, ఏడంతస్తులది. మీ మెట్ల దారిలో పాత సోఫా, సైకిళ్ళు, షూ రాక్‌లు నేను ఎక్కి వస్తూ చూశాను. ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పట్లేదు. ఈ రాత్రే తీసేయండి అని చేతులెత్తి అడుగుతున్నాను.

బండ్ల వయసు గురించి కూడా ఒక్క మాట చెప్పాలి, ఇది నా మనసులో ఉంది. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషన్ రెన్యూ చేయకూడదని కేంద్రం రూలు తెచ్చింది. పొగ తగ్గాలి, మంచిదే. కానీ ఫైరింజన్‌ని కిలోమీటర్లతో కొలవకూడదు. అది రోజుకి పది కిలోమీటర్లు తిరగదు, నిలబడిన చోటే ఇంజన్ ఫుల్ రేసులో గంటలు గంటలు పంపు తిప్పుతుంది. మీటరు చూస్తే కొత్త బండి, పంపు చూస్తే ముసలిది. తిరగేసి కూడా నిజం. బాగా చూసుకున్న పంపు పదిహేనేళ్ళకి కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కాబట్టి వయసుతో పాటు పంపు గంటలు కూడా రాసిపెట్టి, దాన్ని బట్టి మార్చాలి. పాతది ఆపేసే ముందే కొత్తది స్టేషన్‌లో నిలబడి ఉండాలి. బండి లేని స్టేషన్‌లో మనుషులు ఉండి ఏం చేస్తారు?

ఎలక్ట్రిక్ స్కూటర్ల గురించి ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. మా బండి బేస్‌మెంటులోకి దిగదు, ఎత్తు చాలదు. బాటరీ మంట పైకి ఆరినట్టు కనిపించి మళ్ళీ లేస్తుంది, చాలా నీళ్ళు, చాలాసేపు కావాలి. కాబట్టి చార్జింగ్ పాయింట్లు ర్యాంపు దగ్గర, గాలి ఆడే చోట పెట్టించుకోండి. మెట్ల దగ్గర, లిఫ్టు దగ్గర వద్దు.

ఫోన్ చేసేటప్పుడు 112 గాని 101 గాని చేయండి. ముందు మనం ఆర్పుదాం, కాకపోతే చేద్దాం అని ఆగకండి. చేశాక ఆరిపోతే మేము సంతోషంగా వెనక్కి పోతాం, ఎవరూ తిట్టరు. ఏం కాలుతోంది, ఎన్నో అంతస్తు, లోపల ఎవరైనా ఉన్నారా, ఏ గేటుకి రావాలి, ఇంతే చెప్పండి. ఒకరిని టార్చి ఇచ్చి మెయిన్ రోడ్డు మలుపులో నిలబెట్టండి. మ్యాపులో మీ వెనక గేటు కనిపించొచ్చు, ముందు గేటు కనిపించొచ్చు. మలుపులో చెయ్యి ఊపుతున్న మనిషి కనిపిస్తే డ్రైవరుకి ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది.

ఇక మాటలు చాలు. నా సంచిలో 30 మీటర్ల టేపు తెచ్చాను. పిల్లలూ, మీలో ఇద్దరు ఆ కొస పట్టుకోండి. సెక్రటరీగారూ, వెనక గేటు తాళం చెవి తెప్పించండి. ఎంతసేపట్లో వస్తుందో ఈ పాప గడియారం చూసి చెబుతుంది. అందరూ కిందికి రండి, ముందు ఆర్చి ఎత్తు కొలుద్దాం, తర్వాత ఆ ఇన్‌లెట్ మూత చేత్తో తిప్పి చూద్దాం.